వన్ టౌన్ పిల్లలకు ఒక సాధన గది

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,



రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు మీకు కొత్తగా చెప్పాల్సింది కాదు. 74వ సవరణతో చేరి, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ జాబితాలో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. పదోది మురికివాడల అభివృద్ధి. పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. ఈ రెండూ కార్పొరేషన్ పనులేనని పంజా సెంటర్లో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. వాటి వెంటనే పదమూడోది ఉంది: సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం. దాని గురించి అడిగితే జనానికి గుర్తొచ్చేవి ఫ్లైఓవర్ స్తంభాల మీద వేసిన బొమ్మలు, పండగలప్పుడు వేసే స్టేజీ, దాని చుట్టూ లైట్లు. తప్పు జనానిది కాదు. పదమూడో పద్దు కింద వాళ్లకు కనిపించింది అంతే. వన్ టౌన్‌లోని మునిసిపల్ బళ్లలో నాలుగింటిని ఎంచుకుని, బడి వదిలాక సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, ఏడాది పొడవునా, పిల్లలు పాట, డప్పు, నాటకం, బొమ్మ, నాట్యం ఉచితంగా నేర్చుకునే సాధన గదులుగా నడపాలన్నది నా విన్నపం. అడుగుతున్నది చిన్నదే కానీ, ఇది ఎందుకు కార్పొరేషనే చేయాలో, ఇంకెవరూ ఎందుకు చేయలేరో కాస్త వివరంగా చెప్పాలి.

చూడ్డానికి ఈ ఊళ్లో కళకు కరువు లేదు. తెలుగునాట తొలినాటి సినిమా హాళ్లలో ఒకటైన మారుతి 1921లో బెజవాడలోనే వెలిసింది. ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల ఇప్పుడు ఘంటసాల పేరుతో దుర్గాపురంలో నడుస్తోంది. గాంధీనగరం హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకాలు పడుతూనే ఉంటాయి. మీ సంస్థదే అయిన తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం వన్ టౌన్‌కు కూతవేటు దూరం. 2025 దసరాకు విజయవాడ ఉత్సవ్ పేరుతో పున్నమి ఘాట్ దగ్గరా, కళాక్షేత్రంలోనూ, గొల్లపూడిలోనూ రోజుల తరబడి కార్యక్రమాలు జరిగాయి. బాగానే జరిగాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం కళను చూసే చోట్లు. చేసే చోటు ఏదైనా ఉందంటే అది దుర్గాపురం కళాశాల. అక్కడికి రైలు పట్టాలు దాటి వెళ్లాలి, దరఖాస్తు పెట్టాలి, కోర్సులో చేరాలి, పద్ధతిగా ఏళ్ల తరబడి చదవాలి. సంగీతమే జీవితమనుకున్న పిల్లకు అది సరైన చోటు. రోజూ సాయంత్రం గంటసేపు గొంతెత్తి పాడాలని మాత్రమే ఉన్న పిల్లకు మాత్రం మన నగరంలో చోటు లేదు.

ఇంట్లో పాడుకోవచ్చు కదా అంటే, వన్ టౌన్ ఇళ్లు ఎలా ఉంటాయో ఒకసారి తలుచుకోవాలి. ఒకవైపు ఇంద్రకీలాద్రి, దాని వెనక వరసగా కొండలు, ఇంకోవైపు రైలు పట్టాలు, ముందు కృష్ణ. మధ్యలో మిగిలిన నేలంతా ఎప్పుడో నిండిపోయింది. కాళేశ్వరరావు మార్కెట్టు, శివాలయం వీధి, వస్త్రలత చుట్టుపక్కల వ్యాపారం నేలను మింగితే, ఆ వ్యాపారానికి బరువులు మోసేవాళ్లు, కుట్టేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు కొండెక్కారు. చిట్టినగర్, కొత్తపేట, విద్యాధరపురం కొండల మీద ఒకరి డాబా ఇంకొకరి వాకిలి. ఒక గది, దాని ముందు అరుగు లాంటి చిన్న జాగా, అక్కణ్ణుంచి కిందికి మెట్లు. రాత్రంతా సరుకు దించి వచ్చిన తండ్రి సాయంత్రం నిద్రపోతుంటే, పదో తరగతి అక్క అదే గదిలో చదువుకుంటుంటే, పన్నెండేళ్ల పిల్లవాడు డప్పెక్కడ వాయించాలి? పక్కింటివాళ్లు ఊరుకున్నా గోడ ఊరుకోదు, అంత పల్చన. సాధన అంటే తప్పులు చేసే హక్కు. ఒకే చోట వందసార్లు అపశ్రుతి పలికే సదుపాయం. అది ఉన్నవాళ్ల ఇళ్లలో మేడ మీద గదిలో దొరుకుతుంది. లేనివాళ్లకు వీధిలో దొరకాలి, వీధి ఇరుకైతే ప్రభుత్వం కల్పించాలి.

ఆ పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకోవద్దు. ఘాట్ల మెట్ల మీద ఫోను నిలబెట్టి రీల్స్‌కు స్టెప్పులు సరిచూసుకునే బ్యాచ్‌లను, వినాయక చవితి నెల ముందు నుంచీ తీన్‌మార్ దరువు పట్టుకోవడానికి తంటాలు పడే కుర్రాళ్లను మీ సిబ్బంది రోజూ చూస్తూనే ఉంటారు. ఒక్కసారి ఆగి గమనిస్తే అక్కడ ఎంత పని ఉందో తెలుస్తుంది. డప్పును నాలుగు కాగితాలు, అట్టముక్కలు అంటించిన మంట మీద చుట్టూ తిప్పుతూ కాచాలి. చర్మం బిగిసిందో లేదో వేలితో మీటి చెవితో పట్టాలి. ఎక్కువ కాస్తే మాడుతుంది, తక్కువైతే మొద్దుగా పలుకుతుంది. ఎడమచేతి సన్నపుల్లకూ కుడిచేతి లావుపుల్లకూ పని వేరు. ఇదంతా ఎవరూ చెప్పకుండా పెద్దవాణ్ణి చూసి చిన్నవాడు పట్టేస్తున్నాడు. కాకపోతే పండగ పది రోజులే. పదకొండో రోజు డప్పు అద్దెకు తెచ్చిన చోటికి వెళ్లిపోతుంది, స్టెప్పులేసిన ఘాటులో పోలీసు విజిల్ వినిపిస్తుంది. ఏడాదిలో మిగిలిన రోజులకు చోటు లేదు, వాయిద్యం లేదు, తప్పు దిద్దే మాస్టారు లేడు. పిల్లల్లో లేనిదేదో తెచ్చి నింపమని అడగడం లేదు. ఉన్నది చేయి జారిపోకుండా చూడమంటున్నాను.

ఈ ఊరికి ఇలాంటి పని కొత్త కాదు. 1911లో ఇక్కడ రామమోహన గ్రంథాలయం పెట్టినవాళ్లు, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఇదే ఊళ్లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల్ని తొలిసారి ఒకచోట చేర్చినవాళ్లు, పుస్తకాన్ని మంచి భవనంలో పెట్టి ఊరుకోలేదు. చదివేవాడు ఎక్కడుంటే అక్కడికి పుస్తకం వెళ్లాలన్నారు. 1935లో పాతూరి నాగభూషణం డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపింది ఆ పట్టుదలతోనే. ఆ గ్రంథాలయోద్యమం ఒత్తిడి ఊరికే పోలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఈ రోజుకూ ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మీ సంస్థే వసూలు చేస్తోంది. (వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమ చేయడంలో రాష్ట్రంలోని పురపాలక సంస్థలకు ఉన్న మంచి పేరు గురించి ఇక్కడ మాట్లాడను.) చదువుకోవడానికి చోటు కల్పించడం ప్రజల సొమ్ముతో చేయాల్సిన పనేనని ఎప్పుడో ఈ ఊరు ఒప్పుకుంది. పాడుకోవడానికీ ఆడుకోవడానికీ చోటు అలాంటిదే అనుకోవడానికి మనకింకా మనసు రావడం లేదు.

గ్రంథాలయోద్యమం చోటు సంగతి చెబితే, నేర్పే పద్ధతి సంగతి ప్రజానాట్యమండలి చెబుతుంది. 1943లో మొదలైన ఆ సంస్థ రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మామూలు కుర్రాళ్లను కళాకారులుగా తీర్చిన తీరు మాత్రం మళ్లీ మళ్లీ చూడదగ్గది. గరికపాటి రాజారావు లాంటి దర్శకులు శిక్షణ శిబిరాలు పెట్టి, పొలం పనిచేసే యువకుల్ని, ఊళ్లో బడిపంతుళ్లను కూర్చోబెట్టి నేర్పారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని వందకు పైగా దళాలు ఆడాయంటే, అన్ని దళాలకు సరిపడా నటుల్ని ఎవరో తయారు చేశారన్నమాట. వాళ్లెవరూ పుట్టు కళాకారులు కారు. ఆ దళాల్లోంచే మిక్కిలినేని, అల్లు రామలింగయ్య సినిమాల్లోకి వెళ్లారు. అది వేరే సంగతి. వెళ్లనివాళ్లు వందల మంది ఊళ్లలో మిగిలి, తర్వాతి తరానికి పరిషత్తు నాటకాలు నేర్పారు. ఒక కార్యక్రమం ఫలితాన్ని అందులోంచి ఎంతమంది పేరున్నవాళ్లు వచ్చారన్న లెక్కతో కొలవడం మనకు అలవాటు. ప్రజానాట్యమండలిని ఆ లెక్కతో కొలిస్తే దాని అసలు పని కనపడకుండా పోతుంది.

బుర్రకథనే తీసుకోండి. నడుమ తంబుర మీటుతూ అడుగులేసే కథకుడు, అటూ ఇటూ డక్కీలు పట్టుకున్న వంతలు. ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు కథను ఇవాళ్టి రాజకీయంతో ముడేస్తాడు. ముగ్గురూ ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కథకుడు గుక్క తిప్పుకునే చోట వంత అందుకోకపోతే కథ అక్కడే కుప్పకూలుతుంది. నవ్వు ఎక్కువైతే కథ చెడుతుంది, నవ్వు లేకపోతే జనం లేచిపోతారు. ఖర్చు చూస్తే మూడు వాయిద్యాలు, మూడు జతల బట్టలు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ కళతోనే పల్నాటి యుద్ధమూ చెప్పాడు, బెంగాల్ కరువూ చెప్పాడు. మోటూరి ఉదయం ముందుండి ఆడవాళ్ల దళాన్నే నడిపింది. అలా చెప్పాల్సిన కథ మన ఊళ్లోనూ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఆ నీళ్లలోంచి బయటపడిన పిల్లలు ఇప్పుడు తొమ్మిదో తరగతిలోనో పదిలోనో ఉంటారు. ఆ వరద గురించి టీవీలు చెప్పాయి, నాయకులు చెప్పారు, అధికారులు నివేదికలు రాశారు. నడుం లోతు నీళ్లలో పాల ప్యాకెట్టు కోసం నిలబడ్డ పిల్ల మాత్రం ఎక్కడా చెప్పలేదు. చెప్పడానికి రూపం కావాలి, దాన్ని నేర్పేవాళ్లు కావాలి. ముగ్గురు పిల్లలు, ఒక మాస్టారు, ఆరు నెలల సాయంత్రాలు ఇస్తే బుడమేరు బుర్రకథ తయారవుతుంది. మీ ఇంజనీర్లు కూడా కూర్చుని వినాల్సిన కథ అది.

ఏ కళ నేర్పాలి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. చిన్న ప్రశ్న కాదు, తప్పించుకోవద్దు కూడా. మన దగ్గర కళలకు కులం ఉంది. కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి పల్లెలో, కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతుల్లో శతాబ్దాల పాటు ఉంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, ఆ తర్వాత వెంపటి చినసత్యం లాంటి గురువులు ఆ గీత దాటి నేర్పబట్టే ఇవాళ ఎవరింటి ఆడపిల్లయినా గజ్జె కట్టగలుగుతోంది. డప్పుదింకో కథ. దాన్ని కళగా కాక చాకిరీగా కొన్ని కులాల నెత్తిన పెట్టారు. అందుకే ఆ ఇళ్లలోంచి చదువుకున్న పిల్లలు కొందరు దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడకపోవడం న్యాయమే. సాధన గదిలో ఈ ముడి విప్పాలంటే ఒకటే దారి: ఏ పిల్ల ఏది నేర్చుకోవాలన్నది ఇంటి పేరు చూసి, పేట చూసి తేల్చకూడదు. విద్యాధరపురం కొండ మీది పిల్ల కూచిపూడి అడిగితే కూచిపూడి. శివాలయం వీధి వ్యాపారి కొడుకు డప్పు అడిగితే డప్పు. మసీదు పక్క సందులోంచి వచ్చినవాడు ర్యాప్ రాస్తానంటే అది తెలుగులో రాస్తాడా, ఉర్దూలో రాస్తాడా అన్నది వాడిష్టం. ముంబయి ధారావిలో కుర్రాళ్లు ర్యాప్‌తో తమ వీధిని దేశానికి వినిపించారు, ఉత్తర చెన్నైలో గానా పాట అదే పని చేసింది. ఇక్కడ ఏది మొలకెత్తుతుందో ముందే కమిటీ వేసి నిర్ణయించడం సాంస్కృతిక శాఖ అలవాటు కావచ్చు, నగరపాలక సంస్థకు ఆ అవసరం లేదు.

ఇవన్నీ పనిచేస్తాయని రుజువేమిటి అని ఆర్థిక విభాగం అడుగుతుంది, అడగాలి కూడా. కళతో పిల్లల జీవితాలు మారిపోతాయని ఢంకా బజాయించేవాళ్లను నమ్మవద్దని నేనే ముందు చెబుతాను. ప్రపంచంలో ఈ తరహా కార్యక్రమాల్లో అన్నిటికంటే పేరున్నది వెనిజులాలోని ఎల్ సిస్తేమా. 1975లో జోసె ఆంటోనియో అబ్రేయూ మొదలుపెట్టాడు. వాద్యబృందాల్లో ఉచితంగా చేర్చుకుని, బడి అయ్యాక రోజూ సాధన చేయించే ఈ పద్ధతిని చాలా దేశాలు అనుకరించాయి. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పూనికతో 16 కేంద్రాల్లో 2,914 మంది పిల్లల మీద లాటరీ పద్ధతిలో చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. పిల్లల్లో నిగ్రహం కొంత పెరిగిందనీ, ప్రవర్తనలో ఇబ్బందులు కొంత తగ్గాయనీ తేలింది. హింస మధ్య పెరుగుతున్న మగపిల్లల్లో ఈ మేలు ఎక్కువగా కనిపించింది. అన్ని కొలతల్లోనూ మార్పు కనిపించలేదు, కనిపించిన మార్పు కూడా మహత్తరమైనదేమీ కాదు. అదే అధ్యయనంలో మనకు ఇంకా పనికొచ్చే విషయం మరొకటి బయటపడింది. పేదపిల్లల కోసమని పేరు పడ్డ ఆ కేంద్రాలకు వచ్చినవాళ్లలో పేదల వాటా, వాళ్లుండే రాష్ట్రాల్లోని పేదల వాటా కంటే చాలా తక్కువ. తలుపు తెరిచి ఉంచితే చాలదు. తీరికున్న తల్లి, చేతిలో బస్సు చార్జీ ఉన్న ఇల్లు ముందు లోపలికి వస్తాయి. సాధన గది కళాక్షేత్రంలోనో దుర్గాపురంలోనో కాక కొండ మెట్ల కిందనే ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. పన్నెండు, పదమూడేళ్లు వచ్చిన ఆడపిల్లను సాయంత్రం దూరం పంపడానికి తల్లులు జంకుతారు. ఆమె పొద్దున చదువుకునే బడికే సాయంత్రం మళ్లీ పంపడానికి అంత జంకరు.

మన దక్షిణాదిలోనే నమూనా ఉంది. కేరళ ఏర్పడి అరవై ఏళ్లు నిండిన సందర్భంలో అక్కడి సాంస్కృతిక శాఖ వజ్రజూబిలీ ఫెలోషిప్ మొదలుపెట్టి, వెయ్యి మంది యువ కళాకారులకు నెలనెలా భృతి ఇస్తూ, స్థానిక సంస్థల పరిధిలో ఉచితంగా నేర్పే పనికి పెట్టింది. చదువై, కళ వచ్చి, ఉద్యోగం లేని యువకుడికి బతుకుతెరువు, ఊళ్లో పిల్లలకు గురువు: రెండూ ఒకే ఖర్చులో. సంగీత కళాశాలలో డిప్లొమా పట్టుకుని ఏటా బయటికొచ్చేవాళ్లు మనకూ ఉన్నారు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు, పరిషత్తులో బహుమతులు తెచ్చుకుని పగలు కొట్లో గుమాస్తాగా పనిచేసే నటుడు, చవితికి విగ్రహాలకు రంగులేసి మిగతా నెలలు సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడు ఈ వన్ టౌన్‌లోనే దొరుకుతారు. వాళ్లను వెతికిపట్టుకోవడానికి టెండరు వద్దు. టెండరు పిలిస్తే ఈవెంట్ మేనేజరు వస్తాడు, మాస్టారు రాడు.

కొండ మీద రక్షణ గోడలే సరిగా లేవు, కాలువల్లో పూడిక అలాగే ఉంది, ఇప్పుడు పాటలా అనేవాళ్లకు నేనేం చెప్పగలను? గోడలు కట్టాలి. 2024 ఆగస్టు ఆఖరున మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ప్రాణాలు పోయాక ఆ మాటకు ఎదురుండదు. అయితే సాధన గదికి పెట్టే ఖర్చు ఆ గోడకు అడ్డం రాదు. లెక్క చూద్దాం. ఒక బడికి ముగ్గురు మాస్టార్లు, ఒక్కొక్కరికి నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి 5.40 లక్షలు. వాచ్‌మన్, ఆయా ఇద్దరి అదనపు గంటలకూ కలిపి నెలకు 10,000 చొప్పున 1.20 లక్షలు. తొలి ఏడాది వాయిద్యాలు, రంగులు, చాపలకు 2 లక్షలు. మొత్తం 9 లక్షలు దాటదు. నాలుగు బళ్లకు 36 లక్షలు. రోడ్ల పనుల అంచనాలు రోజూ సంతకం చేసే మీకు ఈ మొత్తం ఎంతదో నేను చెప్పనక్కర్లేదు. కట్టడాలు కొత్తగా అక్కర్లేదు కూడా. నాడు-నేడు పథకం కింద బళ్లకు రంగులు పడ్డాయి, బెంచీలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు వచ్చాయి. ప్రజల సొమ్ముతో బాగుపడిన ఆ గదులు సాయంత్రం నాలుగున్నర నుంచి మర్నాడు పొద్దున దాకా ఖాళీగా ఉంటున్నాయి. వేసవిలో అయితే నెలన్నర పైనే.

చదువు సంగతేమిటన్న ప్రశ్న విజయవాడలో మరీ గట్టిగా వినిపిస్తుంది. కార్పొరేట్ చదువులకు పుట్టిల్లు ఈ ఊరు. పిల్లవాడు ఎనిమిదో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అనే చోట సాయంత్రం రెండు గంటలు పాటకు పోతే ఊరుకుంటారా? కొందరు ఊరుకోరు. వాళ్ల పిల్లలు మునిసిపల్ బడిలో లేరు కూడా. మునిసిపల్ బడిలో ఉన్న పిల్లల్లో చాలామందికి సాయంత్రం ట్యూషన్ లేదు, ఉన్నది వీధి, ఫోను. ఇంతకూ పాట నేర్చుకుంటే లెక్కలు వస్తాయని నేను అనను. అలా చెప్పే వ్యాసాలు చాలా ఉన్నాయి, వాటిలో బలం తక్కువ. పాట నేర్చుకుంటే పాట వస్తుంది. పదమూడేళ్ల పిల్లకు అది వస్తే చాలదా? ఆ పిల్ల ఉద్యోగానికి పనికొచ్చేది తప్ప మరేదీ నేర్చుకోవడానికి తగదని మనం ఎప్పుడు తీర్మానించాం? భారతదేశం 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటనూ విశ్రాంతినీ సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకోవడాన్నీ పిల్లల హక్కుగా చెప్పింది. మార్కులు వచ్చిన పిల్లలకే అని అందులో షరతు లేదు.

మీకు ఎక్కువగా ఎదురయ్యే సమర్థనను మాత్రం నేను ఒప్పుకోను. గంజాయి పెరిగింది, బ్లేడ్ బ్యాచ్‌లు పెరిగాయి, కాబట్టి కుర్రాళ్లకు కళ నేర్పితే దారికొస్తారు అంటారు. గంజాయి సమస్య నిజమే, రాష్ట్రం దానికోసం 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగమే పెట్టింది. కానీ సాధన గదిని ఆ పద్దులో చేర్చిన రోజు, లోపలికి వచ్చే ప్రతి పిల్లవాడి మీద అనుమానపు ముద్ర పడుతుంది. పటమట పిల్ల వీణ నేర్చుకుంటే సంస్కారమనీ, చిట్టినగర్ కుర్రాడు డప్పు నేర్చుకుంటే నేర నివారణ అనీ రాసుకునే ఫైలు నాకు వద్దు. పైగా ఆ లెక్కన ఏడాది తిరిగేసరికి కేసుల సంఖ్య తగ్గలేదని కార్యక్రమాన్ని మూసేయడం కూడా సులువవుతుంది. పిల్లలు రోజూ వస్తున్నారా, మూడు నెలల తర్వాత కూడా వస్తున్నారా, వాళ్లలో ఆడపిల్లలెంతమంది, కొండ మీది ఇళ్ల నుంచి ఎంతమంది: ఈ నాలుగు లెక్కలు రాయించండి చాలు.

పోటీలున్నాయి కదా అనేవాళ్లకు కూడా ఒక మాట. 2015 నుంచి కేంద్రం కళా ఉత్సవ్ నడుపుతోంది, బడి స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా. మంచిదే. పోటీకి అప్పటికే వచ్చినవాడు కావాలి. రానివాడికి నేర్పే చోటు దాని పరిధిలో లేదు. బడిలో ఒక్క పిల్ల జిల్లాకు వెళ్తే మిగతా నాలుగొందల మంది చప్పట్లు కొడతారు. ఆ నాలుగొందల మంది గురించే ఈ ఉత్తరం. మద్రాసులో 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి ఏ పోటీ పెట్టి పిల్లల్ని వడపోశారు? వచ్చిన పిల్లనల్లా మైకు ముందు నిలబెట్టారు.

ఇందులో ఉన్న ప్రమాదాలూ నాకు తెలుసు. మొదటి నెల ప్రారంభోత్సవం, ఫ్లెక్సీలు, కార్పొరేటరు ఫొటో. ఆరో నెల మాస్టార్ల భృతి ఆలస్యం. పదో నెల నాయకుడి పుట్టినరోజు సభకు ఈ పిల్లల్ని డాన్సుకు పంపమని ఫోను. ఈ మూడో దాని దగ్గరే ఇలాంటి మంచి పనులు చాలావరకు చెడతాయి. అందుకే నియమాలు మొదటి రోజే కాగితం మీద ఉండాలి. చేరికకు పరీక్ష ఉండకూడదు, రుసుము ఉండకూడదు, ఆధార్ జిరాక్సు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు. ఏ సభకూ, ఏ ఊరేగింపుకూ, ఏ మతపు కార్యక్రమానికీ పిల్లల్ని కార్పొరేషన్ తరఫున పంపకూడదు. వాళ్లంతట వాళ్లు తమ వీధిలో చేసుకుంటే అది వాళ్ల ఇష్టం. ఏడాదికి ఒక్కసారి మాత్రం కళాక్షేత్రాన్ని ఒక రోజు అద్దె లేకుండా వాళ్లకివ్వండి. ఆ రోజు ముందు వరసల్లో తల్లిదండ్రులు కూర్చోవాలి, ముఖ్య అతిథులు అక్కర్లేదు. బడి ప్రధానోపాధ్యాయుడి మీద ఈ భారం మోపకండి. ఆయనకు మధ్యాహ్న భోజనం లెక్కల నుంచి యాప్‌లో మరుగుదొడ్ల ఫొటోల దాకా ఇప్పటికే చాలా పనులున్నాయి. పట్టణ సామాజికాభివృద్ధి విభాగంలో ఒక అధికారిని దీనికే బాధ్యుణ్ణి చేయండి.

రాష్ట్రంలో బళ్లు జూన్ 12న తెరుస్తారు. ఆ లోపు కౌన్సిల్ అజెండాలో ఇది చేరితే, గాంధీజీ మునిసిపల్ హైస్కూల్‌తో మొదలుపెట్టి, చిట్టినగర్, విద్యాధరపురం, కొత్తపేట వైపు ఒక్కో బడిని కలుపుకుంటూ డిసెంబరుకల్లా నాలుగూ నడపవచ్చు. నాలుగూ ఒకేసారి కుదరకపోతే ఒక్కదానితోనైనా ఏడాదిపాటు నిలకడగా నడపండి, పది చోట్ల ప్రారంభించి మూడు నెలల్లో ఆపేయడం కంటే అది నయం. చివరగా ఒక చిన్న సంగతి. బడి వేళ దాటాక ప్రభుత్వ భవనంలో ఏదైనా విరిగితే బాధ్యత ఎవరిదన్న భయంతోనే చాలా గదులు మూతపడి ఉంటాయి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో, బల్ల విరిగినా ఫ్యాను పాడైనా బాగుచేసే ఖర్చు ఏ పద్దులోంచి రావాలో ఆ ఉత్తర్వులోనే రాయించండి. అది లేకపోతే వాచ్‌మన్ ఎంత మంచివాడైనా గేటు తీయడు, తీయనందుకు అతన్ని తప్పుపట్టడానికీ లేదు.

ఇట్లు,
వన్ టౌన్ నుంచి ఒక పౌరుడు
విజయవాడ